డిక్కీలో ఉడికిన ఒక్క తోట వైన్

ఒమాన్ వెళ్లొచ్చినవాళ్లు కొండలు చూడమంటారు, కోటలు చూడమంటారు, సలాలాలో వాన చూసి తీరాలంటారు. చూడండి, నేను కాదనను. కానీ అన్నిటికంటే ముందు కారు డిక్కీ చూసుకోండి. మస్కట్ నుంచి సలాలా దాకా అన్నా వదినలతో కలిసి కారులో వెళ్లాను. ఆ దారిలో నేను ప్రాణంలా మోసుకెళ్లిన స్పెయిన్ వైన్ ఒకటి చచ్చిపోయింది. తిరిగొచ్చి నెల దాటింది. కోపం ఇంకా తగ్గలేదు.

హైదరాబాదులో హోటళ్లకు వైన్లు రుచి చూసి ఎంచిపెట్టడం నా పని. ఆడమనిషికి ఇదేం ఉద్యోగమని అడిగే చుట్టాలకు జవాబివ్వడం మానేసి చాలాకాలమైంది. ఈ సీసా మాత్రం ఉద్యోగంలో దొరికింది కాదు. మాడ్రిడ్‌కు పడమటి కొండల్లో ఒక పల్లెకు ద్రాక్ష కోత చూడటానికి వెళ్లినప్పుడు, ఆ తోట యజమానురాలైన ముసలావిడ వచ్చేముందు నా చేతిలో పెట్టింది. గర్నాచా అనే ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ అది. మామూలుగా నాలుగైదు తోటల పళ్లు కలిపి వైన్ చేస్తారు, ఒకదాని లోటు ఇంకొకటి కప్పేస్తుందని. ఈవిడ ఒక్క తోట పళ్లను విడిగా పులియబెట్టి విడిగా సీసాల్లో పోస్తుంది. లోటు ఉంటే లోటుతోనే.

దాని స్వభావం ఇక్కడే చెప్పేస్తాను, ముందుముందు చెప్పడానికి అది మిగల్లేదు కాబట్టి. రంగు పల్చన, నీళ్లు కలిపిన దానిమ్మ రసంలా ఉంటుంది. మొదటి గుక్క పుల్లగా, మొహం తిప్పుకున్నట్టు ఉంటుంది. అరగంట గాలి తగలనిస్తే అప్పుడు మెల్లగా నోరు విప్పుతుంది. బత్తాయి తొక్క, ఎండిన తులసి, ఎండకు కాగిన బండ మీద తొలి చినుకు పడ్డప్పటి వాసన. తీపి అడక్కండి. మింగాక నాలుక మీద సన్నటి గరుకు మిగిలి, చాలాసేపు పోదు. ఎవర్నీ మెప్పించాలని లేని వైన్. నీకు నచ్చిందంటే అది నీలాంటిదే అయ్యుంటుందని మా అన్న అన్నాడు, రుచి చూడకుండానే.

ఆ తోటలో ఉన్నది గ్రానైట్ బండ అరిగి పొడైన గరుకు నేల. మేడ్చల్ దగ్గర మా తోటలోనూ ఉన్నది అదే. ఒకప్పుడు మాకక్కడ ఏడెకరాల అనాబేషాహీ ద్రాక్ష పందిళ్లు ఉండేవి. నేను ఉద్యోగం మీద బొంబాయిలో ఉన్న రోజుల్లో అన్న ఆరెకరాలు అమ్మేసి ఒమాన్ వెళ్లిపోయాడు. ఇప్పుడక్కడ ప్లాట్లు, ఆ ప్లాట్లలో ఇళ్లు. మిగిలిన ఎకరం మా ఇద్దరి పేరు మీద ఉంది. నాలుగేళ్ల కింద అందులో ఎర్ర వైన్ ద్రాక్ష అంటు కట్టించాను. బీజాపూర్ వైపు వైన్ చేసే ఒకాయన, ఆ ఎకరం పళ్లను దేనితోనూ కలపకుండా విడిగా సీసాలకెత్తుతానని ఒప్పుకున్నాడు కూడా.

ఈలోగా ఆ ఎకరం కూడా కొంటానని బిల్డర్ వచ్చాడు. దసరాకు వచ్చి తన సగానికి సంతకం పెడతానని అన్న నన్నడక్కుండా మాటిచ్చేశాడు. ఆ సగం పోతే తోట పోయినట్టే. నేను ఫోన్లో ఎంత మొత్తుకున్నా ఒకటే పాట, ద్రాక్ష ద్రాక్షే చిన్నీ, యాడ పండితే ఏమున్నది అని. అందుకే ఈ సీసా పట్టుకుని ఒమాన్ బయల్దేరాను. ఒక తోటకు దానిదంటూ ఒక రుచి ఉంటుందని అన్న నాలుకకే చెప్పిద్దామని. నా దగ్గరున్న వాదన అదొక్కటే, సీసా కూడా ఒక్కటే.

మస్కట్

విమానాశ్రయంలో అడ్డు చెప్పలేదు. ముస్లిం కాని ప్రయాణికులు కొద్దిగా తెచ్చుకోవచ్చు. అడ్డు చెప్పింది మా వదిన. వదినది అమలాపురం వైపు. మనిషి మంచిదే, ఆ మాట ఇప్పుడు రాయాల్సి వస్తున్నందుకు నాకు కష్టంగా ఉంది. శ్రావణ మాసం, శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, పైగా ఈసారి వ్రతం సలాలాలో ఉన్న తన చెల్లెలింట్లో చేసుకోవాలని మొక్కు. ఆ సీసాను వంటింటి ఫ్రిజ్ దరిదాపుల్లోకి రానివ్వలేదు. నా గదిలో ఏసీ కింద పడుకోబెట్టాను.

రువీ బజారులో ఐస్ డబ్బా కొన్నాను. పూలు, తమలపాకులు అమ్మే మనవాళ్ల కొట్టు పక్కనే. వదిన అక్కడే మల్లెమూరలు, బంతిపూలు, తమలపాకుల కట్ట కొంది. ఇండియా నుంచి విమానంలో వచ్చే పూలు, మూర ధర వింటే మా మోండా మార్కెట్‌లో గంపెడు వస్తాయనిపించింది. భోజనాల దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టి మరీ చెప్పాను, వైన్‌కు వేడి తగిలితే ఉడికిపోతుందని, పళ్ల వాసన పోయి పాకం మాడిన వాసన మిగులుతుందని, ఒకసారి ఉడికాక మళ్లీ చల్లబెట్టినా తిరిగి రాదని. అన్న తలూపాడు. వదిన కూడా తలూపింది.

సమాయిల్

మస్కట్ దాటగానే కొండలు మొదలవుతాయి. చెట్టూ చేమా లేని కొండలు, ఇనుము రంగువి. వాటి మధ్య లోయలో ఒక్కసారిగా ఖర్జూరపు తోటలు. ఇక్కడి ఫర్ద్ ఖర్జూరం దేశమంతా పేరున్నది. అన్నకు తెలిసిన ఒక తోట రైతు ఉన్నాడు, తెల్ల గడ్డం, హిందీ చక్కగా మాట్లాడతాడు. చాప పరిచి ఖహ్వా పోశాడు. యాలకులు వేసిన పాలు లేని కాఫీ. చిన్న పింగాణీ గిన్నె ఖాళీ అయిన కొద్దీ నింపుతూనే ఉన్నాడు, మర్యాదకని నేను తాగుతూనే ఉన్నాను. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ కదపాలట. కడుపు నిండాక అన్న చెప్పాడు.

తోట మధ్యలో ఫలజ్ పారుతోంది, కొండల్లోంచి తవ్వి తెచ్చిన సన్నటి నీటి కాలువ. ఏ తోటకు ఎంతసేపు నీళ్లో తాతల నాడు పంచుకున్నారట, ఇప్పటికీ ఆ వంతులే. అన్న దాని గట్టున కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టి, పిలిచినా రాకుండా చూస్తూ ఉండిపోయాడు. రైతు రెండు పళ్లేలు తెచ్చాడు. ఒకటి కాలువ పైకొసన ఉన్న తన తోటది, రెండోది కిందికొసన ఉన్న పక్కవాళ్లది. జాతి ఒకటే. అన్న రెండూ కొరికి, క్షణం ఆలోచించకుండా పైతోటవే కావాలన్నాడు. కిలోకు అర రియాల్ ఎక్కువన్నా బేరమాడలేదు.

నాకు ఒళ్లు మండింది. ఖర్జూరానికి తోట ఉంటుంది గానీ ద్రాక్షకు ఉండదా అని అక్కడే అడిగాను. అన్న నవ్వి, ఖర్జూరం వేరే చిన్నీ, అన్నాడు. రైతుకు తెలుగు రాకపోయినా విషయం అర్థమైనట్టుంది, నా గిన్నెలో మళ్లీ ఖహ్వా పోశాడు.

మేం ఈ రుచుల్లో ఉండగానే ఘోరం జరిగింది. నాకు తర్వాత తెలిసింది, మీకు ఇప్పుడే చెప్తున్నాను. వదిన కారు దగ్గరే ఉండిపోయింది. కారులో సంచిలో పెట్టిన మల్లెలు అంచులు ఎర్రబడటం చూసింది. ఐస్ డబ్బా మూత తీసింది. అమ్మవారి పూలనూ మందు సీసానూ ఒక డబ్బాలో పెట్టడానికి ఆవిడకు చేతులు రాలేదు. సీసాను తీసి, తువ్వాల్లో చుట్టి, డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టింది. బయట ఎండ నలభై అయిదుకు పైనే ఉంది. డిక్కీలో ఎంత ఉందో నేను ఊహించదల్చుకోలేదు.

నేను తిరిగొచ్చేసరికి డబ్బా నా సీటు కాళ్ల దగ్గర యథాస్థానంలో ఉంది. పైన పూలు పెట్టానని, మడిగా ఉంచానని, ముట్టుకోవద్దని వదిన చెప్పింది. సీసా కింద ఉందనుకున్నాను. ఆవిడ ఉందని చెప్పలేదు, లేదనీ చెప్పలేదు.

ఇబ్రా

ఇబ్రాలో బుధవారం ఆడవాళ్ల సంత. అమ్మేదీ ఆడవాళ్లే, కొనేదీ ఆడవాళ్లే, మగవాడు లోపల అడుగు పెట్టకూడదు. ఇది చూడటానికే ముందురోజు సాయంత్రం చేరి, అన్న కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఆగాం. మా రైతు బజారులో కూడా వారానికొక రోజు ఇలా పెడితే ఎంత బాగుండునో అనిపించింది. జరీ అంచుల బట్టలు, వెండి, సాంబ్రాణి, పిల్లల ఉయ్యాల గుడ్డలు. అమ్మేవాళ్లు కూర్చున్న చోటనుంచే నవ్వుతూ, తిడుతూ, ఒకరి గిరాకీని ఒకరు లాక్కుంటూ ఉన్నారు. ఒకామె వదిన చెయ్యి పట్టుకుని అత్తరు రాసి, పండక్కా అని హిందీలో అడిగింది. వదిన అవునని, మా అమ్మవారికి అని చెప్పి సాంబ్రాణి కొంది. ఆమె గుప్పెడు ఎక్కువే వేసి, మాకోసం కూడా మొక్కమంది. ఆ క్షణంలో నాకు వదిన మీద చాలా ప్రేమ కలిగింది. తలుచుకుంటే అదీ మండుతుంది, ఎందుకంటే అప్పుడు కారు బయట నిట్టనిలువు ఎండలో ఉంది.

మధ్యాహ్నం భోజనం అన్న పనిచేసే సైట్ వాళ్ల రూమ్‌లో. అక్కడి మేస్త్రీ గంగారాం, జగిత్యాల దగ్గరి మనిషి, వదినకోసం నీసు తగలని గిన్నెలు వేరుగా తోమి పెట్టాడు. పచ్చిపులుసు, పప్పు, వేయించిన మిరపకాయలు. పచ్చిపులుసులో కాల్చిన ఉల్లిగడ్డ వాసన తగలగానే నాకు ఇంటికొచ్చినట్టయింది. కొత్త అర్బాబ్, అంటే వాళ్ల యజమాని, ఎండాకాలం మధ్యాహ్నం డ్యూటీ ఆపమని ప్రభుత్వం చెప్పడంతో, ఆ గంటలు పూడ్చుకోవడానికి తెల్లవారుజామున నాలుగింటికే లేపుతున్నాడని గంగారాం అన్నతో చెప్పుకున్నాడు. అన్న మాట్లాడతానన్నాడు. నా కాళ్ల దగ్గర పెట్టుకున్న డబ్బా ఏమిటని గంగారాం అడిగితే నేను గొప్పగా చెప్పాను, ఇది ఎండ తగిలితే బతకదు, అందుకే దించకుండా వెంట తిప్పుతున్నానని. వదిన పప్పు కలుపుకుంటూ తల ఎత్తలేదు.

సముద్రం పక్కన

ఇబ్రా నుంచి దక్షిణానికి దిగితే ఊళ్లు అయిపోతాయి. గంటల తరబడి ఇసుక, రాళ్లు, రోడ్డు మధ్య నిలబడి తమ తీరికలో కదిలే ఒంటెలు. పెట్రోల్ బంకుల దగ్గర వంద బైసాలకు కరక్ చాయ్, మన ఇరానీ చాయ్‌కు దూరపు చుట్టం. ప్రతి బంకు దగ్గరా నేను ఐస్ కొని, వదిన మడి చెడకుండా డబ్బా అంచు నుంచి జాగ్రత్తగా జారవిడిచాను. సముద్రం ఒడ్డుకు చేరాక గాలి చల్లబడింది, ఆ కాలంలో అక్కడ అంతేనట. హమ్మయ్య, సీసా గండం గడిచిందనుకున్నాను.

ఆ రాత్రి ఆగిన ఊళ్లో మలయాళీ హోటలు. నేనూ అన్నా కొనెం చేప వేపుడు తిన్నాం, వదిన పెరుగన్నం. హోటలాయన ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లయిందని, సొంతూరికి వెళ్తే వానకు జలుబు చేస్తోందని చెప్పాడు. అన్న అతనితో చాలాసేపు బావుల గురించి మాట్లాడాడు. నాకు నిద్రొచ్చి లేచిపోయాను.

సలాలా

మిర్బాత్ దాటాక కొండలు పచ్చబడ్డాయి. అద్దం మీద సన్నటి తుంపర. ఒమాన్ వాళ్లు కుటుంబాలతో వచ్చి ఆ తుంపరలో చాపలేసుకుని కూర్చుంటున్నారు, తడవడానికే. ఊళ్లోకి వచ్చాక రోడ్డు పక్క గుడిసెల్లో కొబ్బరిబొండాలు, అరటిగెలలు. వదిన కోనసీమ వచ్చేసిందంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

చెల్లెలింట్లో దిగగానే వదిన ఐస్ డబ్బా తెరిచింది. మల్లెలు తెల్లగా ఉన్నాయి. తమలపాకులు అప్పుడే కోసినట్టున్నాయి. కింద బంతిపూలు. ఆ కింద ఐస్ నీళ్లు. ఇంకేం లేదు.

సీసా ఏదని అడిగాను. డిక్కీలో, అంది వదిన. నేను పరిగెత్తాను. తువ్వాలు ఎర్రగా తడిసి, జిగటగా సీసాకు అతుక్కుని ఉంది. బిరడా మూతిలోంచి పైకి తన్నుకొచ్చింది. నేను అక్కడే రోడ్డు మీద అరిచాను. ఏమని అరిచానో రాయను, పక్కింటి మలయాళీ పిల్లలు కిటికీలోకి వచ్చారు.

వదిన బయటికొచ్చి నెమ్మదిగా అడిగింది. "ఏం చేశానమ్మా ఇప్పుడు? అమ్మవారి పువ్వుల పక్కన మందు సీసా ఉంచమంటావా? తువ్వాల్లో చుట్టి జాగ్రత్తగానే పెట్టాను. పగల్లేదుగా."

పగల్లేదు. నిజమే. పగిలినా బాగుండేది.

శుక్రవారం వ్రతంలో మూల కూర్చున్నాను. కలశం ముందు ఆ మల్లెలు, ఆ తమలపాకులు ఎంత నవనవలాడుతున్నాయో అందరూ మెచ్చుకున్నారు. వదిన నా పాదాలకు పసుపు రాసి, వాయనంలో నానిన శనగలు చేతిలో పోసింది. ఆడపడుచును కదా. మూడు రోజులు ఐస్ మోసినందుకు నాకు దక్కిన ఫలం ఆ శనగలు. ఒక్కొక్కటే నమిలాను.

కంపెనీ విల్లా

శనివారం సాయంత్రం అన్న తమ కంపెనీ విల్లాకు తీసుకెళ్లాడు. తలుపులు వేసుకుని ఇద్దరం కూర్చున్నాం. పారబోద్దామన్నాను. ఇంత దూరం తెచ్చినవు, జర చూద్దాం, అన్నాడు.

పోశాను. దానిమ్మ రంగు లేదు, ఇటుక రంగు. అరగంట ఆగనక్కర్లేకుండా వాసన ముందే వచ్చి మీద పడింది. ఉడికిన కిస్మిస్, మాడిన బెల్లం. బత్తాయి తొక్క లేదు, తులసి లేదు, బండ మీద చినుకు లేదు. ఎండలో ఉడికిన ప్రతి వైన్‌కూ ఇదే వాసన, అది ఏ కొండదైనా, ఏ తోటదైనా. ఒక్క తోటదని చెప్పడానికి తెచ్చిన సీసాలో ఇక ఏ తోటా లేదు. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

అన్న గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని దించలేదు. తాగనూ లేదు. బాగలేదు కదా, పారబోయ్, అన్నాను. వినలేదు.

"గీ వాసన నాకెరుకే చిన్నీ," అన్నాడు చివరికి. "ఆ ఎండకాలం మన బోర్లన్నీ ఎండినయ్. గుత్తులు పందిరి మీదనే ఉడికినయ్. తోట మొత్తం గిదే వాసన. ట్యాంకర్లు తెప్పిచ్చిన, అప్పు జేసి మల్ల తెప్పిచ్చిన. ఇగ నాతోని గాలే. అమ్మిన."

రేటు బాగా వచ్చిందని అమ్మానని ఇన్నేళ్లూ నాతో చెప్పాడు. ఇన్నేళ్లూ నేను అందుకే తిట్టాను. పండక్కి తిట్టాను, పెళ్లిళ్లలో తిట్టాను, వాట్సాప్‌లో తిట్టాను. అప్పుడే ఎందుకు చెప్పలేదని గట్టిగా అడిగాను.

"చెప్తే ఏడుస్తుంటివి. తిడితే పడొచ్చు," అన్నాడు.

ఆ మాటకు నాకు జాలి కలగాలి. కలగలేదు. ఇంకా మండింది. ఈ ఎకరం కూడా అలాగే దాచిపెట్టి అమ్మేస్తావా అని అడిగాను. అప్పుడు గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగాడు. నేను జీతమంతా ట్యాంకర్లకు పోస్తున్నాననీ, తనకు జరిగిందే నాకూ జరుగుతుందనీ, ఆ వాసన నేను చూడకముందే వదిలించాలనీ బిల్డర్‌కు మాటిచ్చాడట.

ట్యాంకర్లని ఎవరు చెప్పారన్నాను. ఎవరూ చెప్పలేదు. తనే అనుకున్నాడు. మేడ్చల్‌లో ద్రాక్ష అంటే ట్యాంకరే కదా అనుకున్నాడు. ఆరెకరాలు అమ్మాక ఒక్కసారి కూడా ఆ తోట వైపు వెళ్లలేదు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని చెప్పి తప్పించుకునేవాడు. నేను దాన్ని పొగరనుకున్నాను.

"ఊరి చెరువును కాలువ నీళ్లతోని నింపుతున్నరు గదా అన్నా," అన్నాను. "బోరు పోస్తనే ఉన్నది."

"ఎండకాలం గూడనా?"

"ఎండకాలం గూడ."

ఇంకేం అడగలేదు. ఆ ఎర్ర ద్రాక్ష రుచి ఎలా ఉంటుందని గానీ, బీజాపూర్ ఆయన ఎంతిస్తాడని గానీ, స్పెయిన్ ముసలావిడ తోటకూ మాదానికీ పోలికేమిటని గానీ అడగలేదు. ఫోన్ తీసి అక్కడే బిల్డర్‌కు చేశాడు. అమ్మేది లేదు, ఏమనుకోవద్దు, అన్నాడు. అవతల ఏదో గట్టిగా వినిపిస్తుంటే, నీళ్లున్నయ్ సార్, అని ఒక్కటే మాట చెప్పి పెట్టేశాడు.

అలా తోట మిగిలింది. నాకు సంతోషమే, లేదనను. కానీ కోపం మాత్రం ఎవరి మీద దించాలో తెలియక ఇంకా మోస్తున్నాను. వదిన మీద దించుదామంటే కుదరడం లేదు. ఆవిడ ఆ సీసాను ఐస్ డబ్బాలోనే ఉండనిచ్చి ఉంటే వైన్ బతికేది. అన్న మర్యాదకు ఒక గ్లాసు తాగి, బాగుంది చిన్నీ, అనేవాడు. దసరాకు వచ్చి సంతకం పెట్టి వెళ్లిపోయేవాడు.